గోడంత బొమ్మ
(పరిగి వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



మా మనవరాలు గోడంత గుడ్డ మీద ఎరుపు, కాషాయం, పసుపు పూసింది. అందులో మనిషీ లేడు, చెట్టూ లేదు. "ఎవరు కొంటారే?" అన్నాను. "కలెక్టర్లు, తాతా!" అంది. జీవితమంతా ఫైళ్లు మోసినవాణ్ణి, నాకు జిల్లా కలెక్టరుగారే తోచారు! ఆమె చెప్పింది చిత్రాలు సేకరించేవారి సంగతి. రజాగారు 1983లో వేసిన 'సౌరాష్ట్ర' రెండు మీటర్ల చదరమట, 2010లో లండన్ వేలంలో 16 కోట్ల పైన పలికిందట.

అంత దూరమెందుకు, మన కరీంనగర్ జిల్లావారే పి.టి. రెడ్డిగారు (1915–1996). రచయిత్రి యశోదారెడ్డిగారి భర్త. వృత్తాలు, త్రికోణాలతో తాంత్రిక చిత్రాలు వేశారు. ఆయన కూడా నడుమ కుంచె పక్కనపెట్టి ఫర్నిచర్ వ్యాపారం చేశారు, మళ్లీ పట్టారు.

ఆ 'మళ్లీ' దగ్గరే నేను ఆగిపోయాను. ఈ పిల్ల తండ్రి, మా అబ్బాయి, చిన్నప్పుడు బాగా బొమ్మలు వేసేవాడు. గుమాస్తా పరీక్షకు చదవమని రంగులపెట్టె అటక మీద పెట్టింది నేనే. దించలేదు.

మొన్న పింఛను తీసుకుని మనవరాలికి రంగులకు ఇచ్చాను. బొమ్మ నాకింకా అర్థం కాలేదు. హాల్లో నిలబెట్టాం. మా అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చి రోజూ దాని ముందే కూర్చుంటున్నాడు.