మెదడు సంగతి రక్తం చెబుతుందా?



కామెర్లు వస్తే డాక్టరు రక్తం తీయిస్తాడు. మలేరియా అనుకున్నా రక్తమే. మరి తలకు దెబ్బ తగిలితే? మెదడుకు ఏమైందో రక్తంలో తెలుస్తుందా? తెలుస్తుంది. ఆ దారి ఈమధ్యనే దొరికింది.

బండి మీద ధాన్యం బస్తా తెస్తున్నాం. బస్తాకు చిరుగు పడింది. మనం చూడలేదు. కానీ దారి పొడవునా గింజలు రాలాయి. ఆ గింజలు చూస్తే చిరుగు సంగతి తెలిసిపోతుంది కదా! మెదడూ అంతే. అందులో కోట్ల కొద్దీ కణాలు ఉంటాయి. దెబ్బకు అవి చితికితే వాటిలోని ప్రోటీన్లు రక్తంలోకి వస్తాయి. జి.ఎఫ్.ఎ.పి. అని ఒకటి, యు.సి.హెచ్.ఎల్-1 అని ఇంకొకటి. పేర్లు గుర్తుండకపోయినా ఫరవాలేదు. నాకే నోరు తిరగదు!

ఈ పరీక్షకు 2018లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. దెబ్బ తగిలిన 12 గంటల లోపు రక్తం తీస్తారు. ఆ రెండూ తక్కువగా ఉంటే తల లోపల రక్తం కారి ఉండే అవకాశం బాగా తక్కువ. అలాంటివారికి చాలావరకు స్కానింగు అక్కరలేదు.

ఈ పరీక్ష మన దగ్గరి ఆసుపత్రిలో ఉంటుందని మాత్రం అనుకోవద్దు. మన కళ్లతో మనమే కనిపెట్టాలి. "రక్తం రాలేదుగా, ఏం కాలేదులే" అంటారు చాలామంది. అది తప్పు మాట. బయట చుక్క రాకపోయినా పుర్రె లోపల రక్తం గూడు కట్టవచ్చు. వాంతులు మళ్లీ మళ్లీ అయినా, తలనొప్పి పెరుగుతున్నా, మనిషి మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, కాలూ చెయ్యీ పట్టు తప్పినా, చెవిలోంచి ముక్కులోంచి నీరులా కారినా తెల్లారేదాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

ఇది ఒక్కసారిగా పడే చిరుగు. మెల్లగా, ఏళ్ల తరబడి చిరిగేది కూడా ఉంది. అదే మతిమరుపు జబ్బు.

1901లో జర్మనీలో ఒకామెను ఆసుపత్రిలో చేర్చారు. వయసు 51. రాయడం తెలిసిన మనిషే. డాక్టరు అల్జీమర్ ఆమెను పేరు రాయమన్నాడు. 'శ్రీమతి' అని రాసి ఆగిపోయింది. మిగతాది మరిచిపోయింది. పేరు రాయడానికి మనం ఎంత కష్టపడ్డామో మనకు తెలుసు. అది పోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. 1906లో ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శినిలో చూశాడు. మచ్చలు, చిక్కుపడిన పోగులు కనిపించాయి. మనిషి పోతేగాని తెలియని జబ్బు అది.

ఆ పోగుల్లో ఉండేది టావ్ అనే ప్రోటీన్. దాన్ని రక్తంలో వెతికే పరీక్షకు 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. 55 ఏళ్లు దాటి, లక్షణాలు కనిపిస్తున్నవారికే అది. దాన్ని ఒక్కదాన్నే చూసి డాక్టర్లు ఏదీ తేల్చరు.

ఇంట్లో అత్తమ్మో నాయనో మరిచిపోతుంటే ముసలితనం అని వదిలేస్తాం. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారూ ఉన్నారు. థైరాయిడ్ తగ్గినా, బి-12 విటమిన్ తగ్గినా మతిమరుపు వస్తుంది. వాటికి మందులున్నాయి. ముందు ఈ రెండూ చూడమని డాక్టరును అడగండి. వాటికి అమెరికా దాకా పోనక్కరలేదు, పట్నంలోని మామూలు ల్యాబులోనే చేస్తారు.