ఉద్దానం రక్తం ఇచ్చింది, లెక్క తిరిగి రాలేదు

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కవిటి వైపు వార్త కోసం పోయినప్పుడు ఒక పెద్దాయన నా సంచీ చూసి అడిగాడు: "ఏటి బాబూ, నువ్వూ రగతం తీడానికే వచ్చినావా?"

ఇచ్ఛాపురం నుంచి పలాస, వజ్రపుకొత్తూరు దాకా కిడ్నీ జబ్బు 1990ల నుంచీ మనుషుల్ని పొట్టన పెట్టుకుంటోంది. పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురికి ఒకరు రోగులేనని సర్వేలు చెప్పాయి. షుగరు, బీపీ లేనివాళ్లకూ వస్తోంది. కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. అందుకు శాస్త్రవేత్తలను తిట్టను, శ్రీలంకలోనూ తేలలేదు. నా కోపం వేరు. రక్తం ఇచ్చినవాడికి ఫలితం చెప్పేదెవరు? మొదటి బృందం చూసింది రెండో బృందానికి చెప్పేదెవరు?

మన ఆరోగ్య శాఖకు మార్పులు కొత్త కాదు. 2014లో రాష్ట్రం విడిపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ కొట్టింది. ఆ తర్వాత కరోనా. 2022 ఏప్రిల్‌లో మన పాలకొండ, విజయనగరం వారి పార్వతీపురం కలిసి మన్యం జిల్లా అయ్యాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకాల బోర్డులు మారాయి. బదిలీ అయిన అధికారి తాళాలు అప్పగిస్తాడు, స్టాకు రిజిస్టరు అప్పగిస్తాడు. నేర్చుకున్నది మాత్రం వెంట పట్టుకుపోతాడు. అడిగేవాడు లేడు.

తిత్లీనే చూడండి. ఒక్కసారి డయాలసిస్‌కు నాలుగు గంటల కరెంటు, వంద లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీరు కావాలి. ఆ తుపానుకు ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఎవరిని ఎక్కడికి తరలించాం, ఎవరికి ఆలస్యమైంది అని డాక్టరు, నర్సు, ఆశా కార్యకర్త ఆ వారంలోనే కూర్చుని రాసుకోవాలి. నెల దాటితే ఎవరికి గుర్తుంటుంది?

జరిగిన మంచి చెప్పకపోతే తప్పు. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వచ్చింది. 2023 డిసెంబరులో పలాస కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి వంశధార నీళ్ల పథకం ప్రారంభమయ్యాయి.

అసలు మాట ఇక్కడే ఉంది. తాగే నీరు మారుతోంది. ఏ ఊరికి కొత్త నీరు ఏ నెలలో చేరింది? అంతకు ముందు ఆ ఊళ్లో క్రియాటినిన్ ఎంత, ఆ తర్వాత ఏటేటా ఎంత? ఈ లెక్క పెడితే నేరం నీటిదో కాదో కొన్నేళ్లకైనా బయటపడుతుంది. పాత లెక్కలు పారేస్తే దేనితో పోల్చుతాం? నికరాగ్వా చెరకు తోటల్లో కూలీలకు నీడ, నీరు, విశ్రాంతి ఇచ్చి, కోత సీజనులో కిడ్నీ పరీక్షలు చేశారు. చాలదని తేలాక విశ్రాంతి పెంచారు. జబ్బు పడేవాళ్లు తగ్గారు. కారణం పూర్తిగా తేలేదాకా వాళ్లు చేతులు కట్టుకు కూర్చోలేదు.

ఉద్యోగ మిత్రులారా, పాత రిజిస్టర్లను చెదలకు వదలకండి. విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరెళితే ఇంట్లోవాళ్ల పరీక్ష చీటీలు తేదీల వారీగా కట్ట కట్టండి. ఈసారి రక్తం తీసేవాళ్లు వస్తే ముందు ఆ కట్ట చూపించండి. ఫలితం ఏ రోజు చెబుతారో రాయించుకుని అప్పుడు చెయ్యి చాపండి.