బడియు, తల్లిదండ్రులును

పంచాయతీ సభ్యులారా!

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రకారము, ప్రభుత్వ పాఠశాల యాజమాన్య సంఘములో కనీసము నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు కావలెను. సభ్యులలో సగము మంది స్త్రీలుండవలెను. బడి అభివృద్ధి ప్రణాళికను తయారుచేయుటయు, నిధుల వినియోగమును కనిపెట్టుటయు ఈ సంఘము పనులే.

అయినను సమావేశము పగటివేళ జరిగినచో, కూలికి పోయిన తల్లి యెట్లు రాగలదు? మరునాడు పుస్తకము నింటికి పంపి ఆమెచే వ్రేలిముద్ర వేయించినచో, అట్టి సంఘము కాగితములకే మిగులును. పత్తితీత దినములలో బిడ్డ బడి యేల మానినదో చెప్పగలది ఆ తల్లియే గదా!

కనుక సమావేశములను సాయంకాలము, కూలి జనము ఇండ్లు చేరిన పిదప జరిపింతము. జమాఖర్చులను చదివి వినిపింతము. బిడ్డకు వచ్చినదేమో, రానిదేమో ఉపాధ్యాయుడు చెప్పవలెను. ఇంటి యిబ్బందిని తల్లి చెప్పవలెను. ఇరువురి మాటయు విని, దారి చూపుట మన విధి.