మన చేతి సంచి, మన గంటల లెక్క



పొదుపుల గురించి, బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి గురించి పెద్దలు చెప్పారు. మమ్మల్ని క్రోషియా సంచి గురించి చెప్పమన్నారు. వీపుకు తగిలించుకునే తాడు సంచి అది. తాడు లాగితే మూతి మూసుకుంటుంది, ఆ తాళ్ళే భుజాలకు పట్టీలవుతాయి. ఎలా అల్లాలో చెప్తాం. దాంతోపాటు ఆ పనికి విలువ కట్టే సంగతి కూడా చెప్తాం. రెండోది కొంచెం కష్టంగా ఉంటుంది, అయినా వినండి.

ముందు ఈ సంచి ఎందుకు? మనం మిరప కోతలకు పోతాం, పత్తి తీతకు పోతాం. అన్నం డబ్బా, నీళ్ళ సీసా చేతిలో పట్టుకొని గట్ల మీద నడుస్తాం. వీపుకు తగిలిస్తే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పిల్లలకు ట్యూషనుకు పనికొస్తుంది, మనకు సంతకు పనికొస్తుంది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాను చాలావాటిని నిషేధించారు. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్ సంచులు అమ్మకూడదన్నారు. మన చేతిలో మన సంచి ఉంటే ఆ గొడవే లేదు. చిరిగిన చోట మళ్ళీ అల్లుకోవచ్చు, మాసితే ఉతుక్కోవచ్చు.

కావలసినవి చెప్తాం. మందంగా ఉండే నూలు దారం 250 నుంచి 300 గ్రాములు, 4 మిల్లీమీటర్ల క్రోషియా సూది, లోపలికి లైనింగు గుడ్డ. ఊలు తీసుకోవద్దు, బరువుకు సాగుతుంది. లేసు దారం మరీ సన్నం, నెల రోజులైనా తెమలదు. లైనింగుకు పాత పరికిణీ గుడ్డ చాలు. కొత్త గుడ్డయితే ముందు ఉతికి ఆరబెట్టండి, లేకపోతే తర్వాత కుంచించుకొని సంచిని లాగేస్తుంది.

కుట్లు మూడు వస్తే చాలు. ఒకటి చైను. రెండోది సింగిలు: సూది గుచ్చి దారం లాగితే సూది మీద రెండు ఉచ్చులుంటాయి, మళ్ళీ దారం పట్టి రెండింట్లోంచీ ఒకేసారి లాగాలి. మూడోది డబులు: ముందే సూదికి దారం ఒక చుట్టు వేసి గుచ్చి లాగితే మూడు ఉచ్చులుంటాయి, వాటిని రెండేసి చొప్పున రెండుసార్లు లాగాలి. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళు ఒకటి గమనించండి. మనం సింగిలు అనేదాన్ని బ్రిటన్ వాళ్ళు డబుల్ అంటారు. పేరు చూడొద్దు, చెయ్యి ఎలా ఆడుతుందో చూడండి.

ఇప్పుడు అల్లిక. 49 చైన్లు వేయండి. సూదికి దగ్గరున్న ఒక చైను వదిలి, రెండో దాని నుంచి 48 సింగిళ్ళు వేయండి. చివరికి వచ్చాక పనిని తిప్పి, అదే చైనుకు అవతలి పక్కన మళ్ళీ 48 వేయండి. మొత్తం 96. ఇక్కడి నుంచి కుట్లు పెంచేది లేదు, తగ్గించేది లేదు, చుట్టూ తిరుగుతూ పోవడమే. దిండు గలీబులాగా పైకి లేస్తుంది. చుట్టు మొదలైన చోట ఒక పిన్నీసు పెట్టుకోండి, నాలుగైదు చుట్లకొకసారి 96 ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి. వెడల్పు ఇంచుమించు అడుగు వస్తుంది. చెయ్యి బిగువును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ఎత్తు 14 అంగుళాలు వచ్చాక తాడు దూరడానికి కంతల వరుస వేయాలి. ముందు మూడు చైన్లు వేసి ఎత్తు తెచ్చుకోండి, దాన్నే మొదటి డబులు కింద లెక్కపెట్టండి. రెండు డబుళ్ళు, రెండు చైన్లు, కింద రెండు కుట్లు వదలడం. ఇలాగే చుట్టూ పోతే 24 కంతలు వస్తాయి. ఆపైన ఒక్కో కంతలో రెండు సింగిళ్ళు, ఒక్కో డబులు మీద ఒక సింగిలు వేస్తే మళ్ళీ 96 అవుతాయి. ఇంకో రెండు చుట్లు వేసి ముడేయండి.

తాడు చైను కుట్టుతో అల్లొద్దు, సాగి సంచి నడుం కిందికి జారుతుంది. అదే దారం నాలుగేసి పోగులు మూడు పాయలుగా తీసుకొని జడ అల్లండి. జడ అల్లడం మనకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. ఒక్కో తాడు అయిదున్నర అడుగుల నుంచి ఆరడుగులు, అలాంటివి రెండు కావాలి. మొదటి తాడు ఎడమ పక్క కంతలో దూర్చి, చుట్టూ తిప్పి, ఎడమ పక్కనే బయటికి తీయండి. దాని రెండు కొసలూ కింద ఎడమ మూలలో దూర్చి గట్టి ముడి వేయండి. రెండో తాడు కుడి పక్క నుంచి అలాగే. రెండు పక్కలా లాగితే మూతి బిగుసుకుంటుంది. కింద మూలల్లో లోపలి పక్క ఒక దళసరి గుడ్డముక్క పెట్టి కుట్టండి. బరువంతా పడేది అక్కడే.

లైనింగు పొడవు 13న్నర అంగుళాలే ఉంచి, కంతల కిందుగా చేత్తో కుట్టండి. పైసంచి కన్నా లైనింగు కొంచెం పొట్టిగా ఉంటే సామాను బరువు గుడ్డ మీద పడుతుంది, అల్లిక సాగదు. బియ్యం, బండెడు పుస్తకాలు మోయడానికి ఇది కాదు. వానలో తడిస్తే నూలు బరువెక్కుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి గదా.

ఇక రెండో సంగతి. కొత్తగా నేర్చుకున్నవాళ్ళకు అల్లిక, తాళ్ళు, లైనింగు అన్నీ కలిపి పన్నెండు గంటలదాకా పడుతుంది. ఎనిమిది గంటల పనిదినం లెక్కన అది రోజున్నర. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఆ లెక్కన చేతి కూలి 450. దారానికి, గుడ్డకు 250 అనుకుందాం. సంచి 700 అయింది, ఇందులో లాభం ఇంకా కలపలేదు. బజారులో నైలాను సంచి అంతకన్నా చాలా తక్కువకు దొరుకుతుంది. అప్పుడు మనలోనే ఒకరు అంటారు: "పోనీలే వదినా, ఖాళీగా ఉన్నప్పుడు అల్లేదే గదా, 300 ఇచ్చినా చాలు." ఆ "ఖాళీగా" అనే మాట దగ్గరే మనం ఆగి ఆలోచించాలి.

క్రోషియా అంటే మన రాష్ట్రంలో ముందు చెప్పుకోవాల్సిన ఊరు పశ్చిమ గోదావరి నరసాపురం. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఆ ప్రాంతపు ఆడవాళ్ళకు ఈ లేసు పని వచ్చింది. వాళ్ళు అల్లింది దేశదేశాలకు పోయింది. మరియా మీస్ అనే జర్మనీ ఆవిడ 1970ల చివర్లో అక్కడికి వచ్చి, ఆ ఆడవాళ్ళ పనిని దగ్గర నుంచి చూసి, 1982లో పుస్తకం రాసింది. ఆవిడ చెప్పింది ఏమిటంటే, ఇంటిపని కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆడవాళ్ళను కూడా పనివాళ్ళుగా లెక్కపెట్టలేదు. ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళు, ఖాళీ టైములో అల్లుకుంటున్నారు అన్నారు. ఆ మాట చాటునే కూలి తక్కువైంది. దారం ఇచ్చేది ఒకరు, ముక్కలు పోగుచేసేది ఇంకొకరు, అమ్ముకునేది మరొకరు. అల్లిన మనిషికి తన లేసు ఏ దేశంలో ఎంతకు పోయిందో తెలియదు. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాల్సిందే. పేరుతో పాటు కూలి కూడా పెరిగినప్పుడే ఆ సంతోషం అల్లిన ఇంటికి చేరుతుంది.

ఇంకో సంగతి. మిషను మీద నేసిన బట్టను క్రోషియాలాగా కనపడేట్టు చేస్తారు గాని, అసలు క్రోషియాను ఫ్యాక్టరీల్లో మిషన్లు అల్లడం లేదు. షాపులో నిజమైన క్రోషియా సంచి కనపడితే అది ఎవరో ఒక మనిషి చేత్తో అల్లిందే. అది మరీ చవగ్గా ఉందంటే ఆ తక్కువైన డబ్బు ఎవరి చేతిలోంచి పోయిందో ఊహించుకోవచ్చు. మనమూ పత్తి పండించే నేల మీదే ఉన్నాం. పత్తిని క్వింటాళ్ళ లెక్కన అమ్మి, దారాన్ని గ్రాముల లెక్కన కొనుక్కుంటున్నాం. పత్తి రేటు మన చేతిలో లేదు. అల్లిక రేటైనా మన నోటితో మనం చెప్పాలి.

మన పంచసూత్రాల్లో పుస్తకాలు రాయడం ఒకటి. పొదుపు రూపాయి తేడా వస్తే మీటింగు కదలనియ్యం. మరి పన్నెండు గంటల పని ఏ పుస్తకంలో రాశాం? అందుకని మా గ్రూపు ఒక నోటు పుస్తకం పెట్టింది. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలు అల్లారో అందులో రాస్తాం. దారం ఖర్చు ఒక గడి, గంటలు ఒక గడి. ధర అడిగినవాళ్ళకు ఆ పుస్తకం చూసే చెప్తాం.

సభ ముందు మేము పెట్టే కోరిక ఇది. మొదటి సంచి ఎవరికి వాళ్ళు ఇంటి కోసమే అల్లుకోండి. ఏడాది వాడితే దాని గట్టితనం, దాని లోపం మనకే తెలుస్తాయి. అమ్మదలుచుకుంటే ఆర్డరు వచ్చినంతవరకే అల్లండి, సరస్ లాంటి ప్రదర్శనలకు సమాఖ్య తరపున ఒకే ధరతో పోదాం. ఎవరైనా ఇంటికొచ్చి దారం నేనిస్తా, ముక్కకు ఇంత ఇస్తా అంటే, ఒంటరిగా ఒప్పుకోకుండా గ్రామ సంఘం మీటింగులో పెట్టండి. ఒకరు 300కు ఒప్పుకుంటే పక్కింటి చెల్లెలికి 450 కూలి అడిగే నోరు ఉండదు.

నేర్చుకోవాలనుకునే గ్రూపులు చెప్పండి, మేమే సూదులు తీసుకొని వస్తాం. గంటల పుస్తకం సంగతి వచ్చే నెల గ్రామ సంఘాల ఎజెండాలో పెట్టి తీర్మానం రాయాలని కోరుతున్నాం.