మందుతో మోక్షం వస్తుందా?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "ధ్యానం, మనశ్శాంతి". దాని మీద మాట్లాడేవారు ఊరికి పదిమంది ఉన్నారు. నేను వేదాంతిని కాను. సర్కారు ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా మందులు ఇచ్చినవాణ్ణి. అందుకని అంశాన్ని కొంచెం నా వైపు లాక్కుంటాను. మన సభ్యుడొకాయనను ఇంజనీరింగు చదువుతున్న మనవడు ఇలా అడిగాడట: "తాతయ్యా, నలభై ఏళ్ళుగా విష్ణు సహస్రనామం చదువుతున్నావు కదా, నీకేమైనా కనిపించిందా? అమెరికాలో ఒక బిళ్ళ వేసుకుంటే ఒక్క పూటలో దేవుడు కనిపిస్తాడట." ఆ పెద్దాయన జవాబు చెప్పలేక నన్ను అడిగారు. కుర్రవాణ్ణి కసిరితే సరిపోయే ప్రశ్న కాదది.

మన భాషలో "మందు" అనే మాట చిత్రమైనది. జ్వరానికి వేసేదీ మందే, సాయంత్రం సీసాలో ఉండేదీ మందే, మొగుణ్ణి వశం చేసుకోవడానికి పెట్టారని చెప్పుకునేదీ మందే, పత్తిచేనుకు కొట్టేదీ మందే. కుర్రవాడు అడిగిన మందు వీటిలో దేనికీ చెందదు. మెక్సికో వైపు ఎడారుల్లో పెరిగే ఒక జెముడు నుంచి మెస్కలిన్ వస్తుంది. కొన్ని జాతుల పుట్టగొడుగుల్లో సిలోసైబిన్ ఉంటుంది. ఎల్.ఎస్.డి.ని 1938లో స్విట్జర్లాండులోని సాండోజ్ కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. ఆయన 1943 ఏప్రిల్ 19న దాని సంగతి చూద్దామని పావు మిల్లీగ్రాము పుచ్చుకుని, సైకిలు మీద ఇంటికి పోతూ లోకమంతా వంకరలు తిరగడం చూశాడు. పావు మిల్లీగ్రామంటే ఎంతో మీకు తెలియాలి. మనం వేసుకునే పారాసెటమాల్ 500 బిళ్ళను రెండువేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. అంత చిన్న మోతాదు మనిషి మెదడును పది గంటలపాటు మార్చివేస్తుంది. మెదడులో సెరటోనిన్ అనే పదార్థం తగులుకునే గూళ్ళలో ఇవి పోయి కూర్చుంటాయి. అప్పుడు చూపు, వినికిడి, కాలం, "నేను" అనే భావం అన్నీ అదుపు తప్పుతాయి.

ఇది పరాయిదేశపు పిచ్చి అని కొట్టిపారేయడానికి మనకు హక్కు లేదు. ఋగ్వేదంలో తొమ్మిదో మండలమంతా సోమానికే అంకితం. ఆ సోమలత ఏమిటో ఈనాటికీ తేలలేదు. అది ఒక ఎర్ర పుట్టగొడుగేనని అమెరికాలో వాసన్ అనే ఆయన 1968లో పుస్తకం రాశాడు, ఒప్పుకోనివారు ఒప్పుకోలేదు. అంతకంటె మనకు పనికివచ్చే సంగతి పతంజలి యోగసూత్రాల్లో ఉంది. నాలుగో పాదం మొట్టమొదటి సూత్రంలో సిద్ధులు అయిదు విధాలుగా వస్తాయని ఆయన లెక్క చెప్పాడు: పుట్టుకతో, ఓషధితో, మంత్రంతో, తపస్సుతో, సమాధితో. చూశారా, ఓషధి రెండో స్థానంలో ఉంది! పతంజలి దాన్ని దాచిపెట్టలేదు. అయితే అంతకుముందు పాదంలోనే, లోకానికి సిద్ధులుగా కనిపించేవి సమాధికి అడ్డంకులని కూడా చెప్పి ఉంచాడు. మన మనవడికి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మన చుట్టూ ఉన్న అడవి సంగతీ చూడండి. ఫాల్గుణ చైత్రాల్లో ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారకముందే గంపలు పట్టుకుని పోయే కోయ ఆడవాళ్ళను మనమంతా ఎరుగుదుం. ఆ సారా మత్తే గాని, వారిలో తాగే పద్ధతి వేరు. ముందు నేలతల్లికి నాలుగు చుక్కలు పోస్తారు, తరువాత నలుగురూ కూర్చుని పంచుకుంటారు. పండుగకు, పెళ్ళికి, చావుకు దానికొక చోటు ఉంది. ఇక జాతరలో పూనకం వచ్చేది డోలు దెబ్బకు. ఏ బిళ్ళా అక్కర్లేదు. మనిషి మామూలు స్పృహ దాటిపోవడం మన పక్క గూడెంలో కొత్త విషయం కాదు. కొత్తదల్లా ఒంటరిగా గదిలో తలుపు వేసుకుని, డబ్బిచ్చి కొనుక్కుని దాటాలనుకోవడం.

ఒక్కమాట ఉమ్మెత్త గురించి. శివుడికి పెడతాం గదా అని గింజలు నూరుకుని తాగినవాళ్ళు ఉన్నారు. నోరెండి, కనుపాపలు పెద్దవై, లేని మనుషులతో మాట్లాడుతూ రెండేసి రోజులు పడి ఉంటారు. ప్రాణం పోవచ్చు కూడా. ఏ కాయలో ఎంత విషముందో కొలిచేవాడు లేడు. దానిలో ఉండే అట్రోపిన్‌నే కొలిచి సూదిలో ఎక్కిస్తే పురుగుమందు తాగిన రైతు బతుకుతాడు. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న వేదాంతం అంతా ఆ కొలతలోనే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారి పేరు విననివారు ఈ సభలో ఉండరు. ఆయన తండ్రి నారాయణయ్య గారు మనలాంటివారే, రెవెన్యూ శాఖలో తహసీల్దారుగా పనిచేసి రిటైరయ్యారు. భార్య అప్పటికే పోయింది. జీతంలో సగం పింఛను, చదువుకోవలసిన పిల్లలు. దివ్యజ్ఞాన సమాజంలో పని ఇప్పించమని అనిబిసెంటమ్మను అడిగి 1909 జనవరిలో మద్రాసు అడయారుకు చేరారు. ఆ సముద్రపు ఒడ్డునే లెడ్‌బీటర్ దొర ఆ పిల్లవాణ్ణి చూసి జగద్గురువు కాబోతున్నాడన్నాడు. తరువాత కొడుకుల కోసం తండ్రి కోర్టుకెక్కడం, మద్రాసు హైకోర్టులో గెలవడం, 1914లో ప్రీవీ కౌన్సిల్లో ఓడిపోవడం వేరే కథ. ఆ తండ్రిని తలచుకుంటే నాకు ఇప్పటికీ జాలి వేస్తుంది. కొడుకు సీమలో పెరిగి తెలుగే మరిచిపోయాడు. ఆ కొడుకే 1929లో తన కోసం కట్టిన సంస్థను తానే రద్దుచేసి, గురువు అక్కర్లేదని చెప్పి బయటికి నడిచాడు.

ఆయనకు ఒక గొప్ప స్నేహితుడు ఉండేవాడు. ఆల్డస్ హక్స్‌లీ అనే ఇంగ్లీషు రచయిత. ఇద్దరికీ 1938లో కాలిఫోర్నియాలో పరిచయమైంది. చిన్నతనంలోనే చూపు చాలావరకు పోయిన మనిషి హక్స్‌లీ. 1953 మే నెలలో ఆస్మండ్ అనే మానసిక వైద్యుడి పర్యవేక్షణలో అర గ్లాసు నీళ్ళలో నాలుగువందల మిల్లీగ్రాముల మెస్కలిన్ కలుపుకుని తాగాడు. కూజాలో పెట్టిన మూడు పూలను, తన పంట్లాము మడతలను చూసి పరవశించిపోయాడు. ఆ అనుభవం మీద రాసిన పుస్తకం 1954లో వచ్చింది. అదే 1954లో కృష్ణమూర్తి గారి పుస్తకానికి ఆయన ముందుమాట కూడా రాశాడు. ఒకే మనిషి, ఒకే ఏడు, రెండు దారులు! తన చివరి నవల 1962లో రాసినప్పుడు అందులోని మందుకు మన సంస్కృతపు మాటే పెట్టుకున్నాడు, "మోక్ష" మందు అని. 1963 నవంబరు 22న క్యాన్సరుతో పోతూ, తానే కాగితం మీద రాసి అడిగి, భార్య చేత ఎల్.ఎస్.డి. సూది వేయించుకున్నాడు.

హక్స్‌లీని తక్కువ చేయకండి. ఈ అనుభవమే మోక్షమని ఆయన అనలేదు. మోక్షానికి ఇది తప్పనిసరి కాదనీ, దొరికితే మేలు చేయవచ్చనీ రాశాడు. నిజాయితీగల మాట. కృష్ణమూర్తి గారు అదీ ఒప్పుకోలేదు. ఆయన మందు, సారా ముట్టలేదు. 1960లలో మత్తుమందులు అలవాటైన కుర్రకారు ఆయన సభలకు వచ్చి ఇదే ప్రశ్న వేసేవారు. ఆయన వాదన నాకు అర్థమైనంతలో ఇది: క్రైస్తవుడికి క్రీస్తు కనిపిస్తాడు, హిందువుకు కృష్ణుడు కనిపిస్తాడు. అంటే మందు మన లోపల ఉన్నదానికే రంగువేసి చూపిస్తోంది, కొత్తది చూపడం లేదు. బతుకు చప్పగా ఉంది కనుక ఇంకా ఇంకా అనుభవం కావాలంటున్నాం. ఆ ఆశ బిళ్ళ కోసమైనా దేవుడి కోసమైనా ఒకటే ఆశ.

ఈ చివరి మాట మనకూ తగులుతుంది సుమా. ఆయన మాట వింటే మన రామకోటి పుస్తకాలు కూడా కట్టిపెట్టాలి. మంత్రం తిప్పితే మనసు మొద్దుబారుతుందనేవాడు. ఇక్కడ నేను ఆయనతో పోలేను. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా చేసి గోలకొండ చెరసాలలో పన్నెండేళ్ళు గడిపాడని చెప్పుకునే మన గోపన్న నామం తప్ప ఏ మందు పుచ్చుకున్నాడు?

శాస్త్రజ్ఞుల మాట కూడా చెప్పాలి, లేకపోతే మనవడు నమ్మడు. 1962 గుడ్ ఫ్రైడే నాడు బోస్టన్‌లో ఒక చర్చిలో ఇరవైమంది వేదాంత విద్యార్థుల్లో పదిమందికి సిలోసైబిన్, పదిమందికి ఉత్తుత్తి మందుగా నికోటినిక్ ఆమ్లం ఇచ్చారు. మందు పడినవారిలో ఎక్కువమందికి భక్తిపారవశ్యం కలిగింది. సుమారు పాతికేళ్ళ తరువాత వెతికి అడిగితే, అది తమ జీవితంలో ముఖ్యమైన ఘట్టమేనన్నారు. కాని అప్పుడే ఇంకొకటి బయటపడింది. ఆ రోజు ఒక కుర్రవాడు అదుపు తప్పితే క్లోర్‌ప్రోమజైన్ ఇంజక్షను ఇచ్చి పడుకోబెట్టారు. మొదటి నివేదికలో ఆ సంగతి రాయలేదు! 2006లో జాన్స్ హాప్కిన్స్ వారు ముప్పైఆరుమందితో చాలా జాగ్రత్తగా చేశారు. మూడింట రెండు వంతులమంది అది తమ జీవితంలోని అయిదు గొప్ప అనుభవాల్లో ఒకటన్నారు. సుమారు మూడో వంతుమందికి తీవ్రమైన భయం పుట్టింది. మనవడు ఫోనులో చూసే వీడియోల్లో ఈ రెండో వాక్యం ఉండదు. ఆ మనుషులను ముందుగా పరీక్షించారు, పక్కన ఇద్దరు కూర్చున్నారు, మోతాదు కొలిచారు. హాస్టలు గదిలో ఎవడో చేతిలో పెట్టిన కాగితం ముక్కకు ఇవేవీ ఉండవు. అందులో ఏముందో అమ్మినవాడికీ తెలియదు. ఇంట్లో ఎవరికైనా మతిభ్రమణం వచ్చిన చరిత్ర ఉంటే, అది ఈ మందుతో బయటపడి మళ్ళీ లోపలికి పోకపోవచ్చు.

చట్టం సంగతి పెద్దలు పిల్లలకు చెప్పాలి. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఎల్.ఎస్.డి. ఒక గ్రాములో పదో వంతు దొరికితే చాలు, వ్యాపార పరిమాణం కింద లెక్క. గంజాయికైతే ఇరవై కిలోలు. శిక్ష పదేళ్ళకు తగ్గదు, ఇరవై దాకా పోవచ్చు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల నుంచి భద్రాచలం మీదుగా గంజాయి మూటలు దిగుతున్నాయని పేపర్లో చదువుతూనే ఉన్నాం. పట్టుబడేది సామాన్యంగా మూట మోసిన కుర్రవాడు. వాడికి మోక్షమూ తెలియదు, హక్స్‌లీ తెలియదు. రెండు మూడు వేలకు ఆశపడి పదేళ్ళు లోపల ఉంటాడు. వాడి తల్లి వాయిదాలకు తిరుగుతుంది. శివుడి ప్రసాదమని చిలుము పట్టే బాబాల గురించి భక్తిగా మాట్లాడేముందు ఆ తల్లిని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

మరి మనవడికి ఏం చెప్పాలి? "నాకేమీ కనిపించలేదురా" అని నిజం చెప్పండి. నలభై ఏళ్ళ పారాయణంలో మీ కోపం పిసరంతైనా తగ్గిందా, ఆమె పోయిన ఏడాది రాత్రుళ్ళు గడవడానికి అది తోడైందా, అది చెప్పండి. కనిపించడం వేరు, మారడం వేరు. బిళ్ళ వేసుకున్నవాడినైనా, తెల్లవారుజామున రెండు గంటలు కళ్ళు మూసుకుని కూర్చునేవాడినైనా నేను ఒకటే అడుగుతాను: లేచిన తరువాత ఇంట్లో ఎలా ఉంటున్నావు? ధ్యానం నుంచి లేచి కాఫీ ఆలస్యమైందని కేకలు వేసేవారిని నేనెరుగుదును. ఈ పరీక్షలో మార్కులు వేసేది మనం కాదు, మన కోడళ్ళు. (వెనుక వరుసలో నవ్వులు)

చివరగా మందులిచ్చేవాడి మాటలు నాలుగు. హైదరాబాదులో వనస్థలిపురం దాటాక 1976లో మొదలైన విపశ్యన కేంద్రముంది. పదిరోజులు మౌనం, రుసుము లేదు. వెళ్ళాలనుకునేవారు దరఖాస్తులో మానసిక జబ్బుల గురించి, వాడే మందుల గురించి అడిగిన చోట ఉన్నది ఉన్నట్టు రాయండి. పదిరోజుల మౌనం కూడా కొందరికి పడదు. అక్కడికైనా, ఏ పిరమిడ్‌కైనా, ఆశ్రమానికైనా వెళ్ళేటప్పుడు బీపీ, షుగరు బిళ్ళలు సంచిలో పెట్టుకోండి. ధ్యానం మొదలుపెట్టాం గదా అని ఎవరు చెప్పినా మానేయవద్దు. ఇన్సులిన్ వాడేవారు ఉపవాసంతో కలిపి ధ్యానం చేయవద్దు. ఆకు పసరని, హిమాలయాల చూర్ణమని పేరు రాయని పొట్లం ఎవరైనా ఇస్తే నోట్లో వేసుకోకుండా నా దగ్గరికి తీసుకురండి. రోజూ సాయంత్రం ఇంట్లోనే ఉంటాను.