బెల్లు ఆగిన తర్వాత

(డిసెంబర్ 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కౌడిపల్లిలో ఒక విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ అనేది దయతో ఇచ్చేది కాదని 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఏటా ఈ రోజున కలుస్తాం. డీఏ గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. బతికే ఉన్నామని ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. రాత్రి నిద్ర పడుతోందా అనే కాలమ్ మాత్రం అందులో లేదు. ఈ రోజు నేను దాని గురించే రెండు మాటలు చెబుతాను.

మా పని మంటలార్పడమే అనుకుంటారు. బావిలో పడ్డవారిని తీయడమూ మాదే. ఒక ఎండాకాలం ఈతకు దిగిన పదేళ్ల పిల్లవాణ్ణి, తాడు కట్టుకొని దిగి నేనే పైకి తెచ్చాను. అప్పటికే ప్రాణం పోయింది. వాళ్లమ్మ ఒళ్లో వేసుకొని, "పోరడు సల్లగున్నడు సారూ, తువ్వాల ఉంటే ఇయ్యి" అన్నది. స్టేషనుకు వచ్చి తాడు ఆరేసి అన్నం తిన్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ ఎవరినీ అడిగిన పాపాన పోలేదు.

సర్వీసులో ఉన్నన్నాళ్లు ఒక బెల్లు తర్వాత ఇంకో బెల్లు. తలుచుకునే తీరిక ఎక్కడిది? రిటైరయ్యాక, 2014 జూలై 24న మన జిల్లా మాసాయిపేట వద్ద కాపలాలేని రైల్వేగేటు దాటుతున్న బడి బస్సును రైలు ఢీకొన్నది. నేను టీవీలో చూశానంతే. చేతిలో కంచం జారిపోయింది. ఆ రాత్రి నుంచి అరచేతుల్లో తడి తాడు ఉన్నట్టే ఉండేది. మనవడు తడి తలతో ఎదురొస్తే ఇంట్లోంచి వెళ్లిపోయేవాణ్ణి. సొంత పొలానికి పోవడం మానేశాను, అక్కడ బావి ఉంది గనుక. "బాయికాడికి ఎందుకు పోతలేరు?" అన్నందుకు మా ఇంటామె మీద కేకలేశాను. మందు అలవాటైంది. గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టారు.

చివరకు మా అమ్మాయి మానసిక వైద్యుని దగ్గరకు తీసుకుపోయింది. ఎర్రగడ్డ పేరెత్తితే నవ్వే ఊళ్లో పుట్టినవాణ్ణి, సిగ్గుపడ్డాను. దీన్ని పీటీఎస్‌డీ అంటారని, వియత్నాం యుద్ధం తర్వాత 1980లో అమెరికా వైద్యులు జబ్బుల జాబితాలో చేర్చారని, తప్పించుకు తిరిగేకొద్దీ భయం ముదురుతుందని ఆయన చెప్పారు. పేరున్న జబ్బు అనగానే సగం ధైర్యం వచ్చింది. మాత్రలు ఇచ్చారు. వారం వారం ఆ సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పించేవారు. మూడు వారాలు తువ్వాల దగ్గరే ఆగిపోయాను. తర్వాత బావిని దూరం నుంచి చూడడం, మోటారు షెడ్డు దాకా పోవడం, ఆ పైన గట్టు. గుండెదడ తగ్గేదాకా అక్కడే నిలబడాలి. మా ఇంటామె టిఫిన్ డబ్బా పట్టుకొని పక్కనే నిలబడేది.

అక్కచెల్లెళ్లారా, మీ ఇంటాయన పోలీసో, ఆస్పత్రి ఉద్యోగో, అంబులెన్సు డ్రైవరో అయివుంటే, అర్ధరాత్రి లేచి కూర్చుంటే, "ఇంకా అదేనా" అనకండి. 2022లో మొదలైన టెలిమానస్ నంబరు 14416. రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. రాసుకోండి.

ఇప్పుడు మోటారు నేనే వేస్తున్నాను. గట్టు మీదే అన్నం తింటున్నాను. పిల్లలు ఈతకు వస్తే మాత్రం తాడు, ట్యూబు పక్కన పెట్టుకొని కూర్చుంటాను. అది జబ్బు కాదని డాక్టరుగారే అన్నారు.

సెలవు.