రైతు మనోవేదన - ఇంటివారు గమనింపవలసిన విషయములు

(భావనపాడు రైతులనుద్దేశించిన ప్రసంగ పాఠము)



పైరుకు వచ్చు తెగుళ్లను గురించి చెప్పుట నా వృత్తి. నేడు పైరు పెంచు మనిషిని గురించి నాలుగు మాటలు మనవి చేసెదను.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలకూల్చినది. వరి పోయినచో మరుసటి పంట ఉన్నది. కొబ్బరి మొక్క నాటినచో కాపునకు ఆరేడు ఏండ్లు పట్టును. అప్పు అంతవరకు ఆగదు. అట్టి దినములలో కొందరికి బ్రతుకుపై విరక్తి కలుగును. ఇది పిరికితనము కాదు. చికిత్సకు లొంగు బాధ.

నిద్ర పట్టకుండుట, తిండి తగ్గుట, పొలమువైపు పోకుండుట, "నేను లేకుంటే మీరు సుఖపడతారు" అనుట, ఉన్నట్టుండి అప్పగింతలు చెప్పుట - ఇవి కనబడినచో ప్రక్కన కూర్చుండి సూటిగా అడుగుడు: "చనిపోవాలని అనిపిస్తోందా?" అడిగినంత మాత్రమున లేని తలంపు పుట్టదు. చెప్పుకొనుటకు దారి దొరకును.

"అవును" అన్నచో మందలింపరాదు. ఒట్టు వేయించుకొని ఊరకుండరాదు. ఒంటరిగా విడువక టెక్కలి లేదా శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రికి తీసికొని పొండు. ఆ తలంపు ఎంత తరచుగా వచ్చుచున్నది, ఏ విధమున అని నిశ్చయించుకొనెనా, పూర్వము ప్రయత్నించెనా, మద్యము అలవాటున్నదా, ఇంట పురుగుమందు ఉన్నదా అని డాక్టరు అడుగును. పరువునకు జంకి దాచకుడు. కేసగునని భయము వలదు. ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా ఎంచి, శిక్షింపక ఆదుకొనవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది.

ఒకనాడు పురుగు కనబడలేదని పైరును చూచుట మానము గదా! అట్లే ఒక్కనాటి పరీక్షతో అపాయము తీరినదని తలంపరాదు. మందులు పనిచేయుటకు రెండు నుండి నాలుగు వారములు పట్టును. చెప్పిన తేదీకి మరల తీసికొని పోవలెను.

చివరిమాట. పురుగుమందు, కలుపుమందు కావలసినంత మాత్రమే కొనుడు. పెట్టెలో పెట్టి తాళము వేసి, తాళపుచెవి వేరొకరి వద్ద ఉంచుడు. శ్రీలంకలో మిక్కిలి విషపూరితమైన మందులను నిషేధించిన పిమ్మట, 1995 తరువాతి ఇరువది ఏండ్లలో ఆత్మహత్యలు సుమారు 70 శాతము తగ్గినవి. ఆ గడియలో విషము చేతికందకున్నచో మనిషి దక్కును.

రాత్రివేళనైనను 14416 నంబరుకు, అనగా టెలి మానస్‌కు, ఫోను చేసి ఉచితముగా తెలుగులో మాట్లాడవచ్చును. ఆ అంకెలను ఇంటి గోడపై వ్రాసి ఉంచుడు.

పోయిన తోటను మరల నాటవచ్చును. నాటుటకు మనిషి ఉండవలెను.